రెండిళ్ళ బండి

సెప్టెంబరు 8

మరదలు పిల్లకి,

మీ వదిన బతికే ఉంది. ఉత్తరం రాయలేదని నువ్వు మూతి ముడుచుకుని కూర్చుంటావని తెలుసు. ఏం చేయను, స్కూలు యూనిఫారాలన్నీ కుట్టి పంపేదాకా అన్నం తినే తీరిక లేదు. మిషన్ల చప్పుడు ఇంకా చెవుల్లో తిరుగుతూనే ఉంది. మీ అన్నయ్య సంగతి అడగకు. మిల్లు నుంచి వస్తారు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు, నేను ఏం చెప్పినా పేపరు వెనక నుంచి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"తోనే ఇన్నేళ్ళూ కాపురం చేశాను.

ఇప్పుడు ఇంకో ఆర్డరు వచ్చింది. ఊరి చివర పెద్ద కార్ల వర్క్‌షాపు ఉంది చూడు, వాళ్ళ మెకానిక్కులందరికీ ఓవరాల్స్ కుట్టాలి. కొలతలకి నేనే వెళ్ళాను. హెడ్ మెకానిక్ టేపు చూడగానే పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. "ఊపిరి వదలండి బాబూ, రేపు గుండీలు ఊడితే నన్నే అంటారు" అన్నాను. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు.

అతని వెనక గోడ మీద ఒక బోర్డుంది. కొలతలు రాసుకుంటూ చదివాను. సర్వీసంటే ఒకటే అనుకునేదాన్ని. కాదట, మూడు రకాలట. చిన్నదాంట్లో ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చి మిగతావి పైపైన చూస్తారు. ఏడాది సర్వీసులో ప్లగ్గులు చూసి, బ్రేకులు విప్పి శుభ్రం చేస్తారు. పెద్దది రెండేళ్ళకొకసారి. బ్రేక్ ఆయిల్, గేరు ఆయిల్ లాంటివన్నీ అప్పుడే తీసేసి కొత్తవి పోస్తారు. "మా బండి ఎక్కువ తిరగదండీ" అన్నాను. "తిరక్కపోయినా బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుందమ్మా. కొండల్లో అయితే మరీను. పాత ఆయిలుతో ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కుతూ పోతే అది కాగిపోతుంది. పెడల్ నేలకంటినా బండి ఆగదు" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

షాపుకొచ్చే ఒకావిడకి మన పద్ధతి చెప్పాను. మా మామగారికి కళ్ళు మసకబారి స్టీరింగు వదిలేశారు గానీ ముందు సీటు వదల్లేదు, ఆయన ఎక్కడుంటే బండి అక్కడ ఉండాలి, ఎండలు మొదలైన దగ్గర్నుంచి కొండ మీద కూతురి దగ్గర, చలికాలమంతా కింద మా దగ్గర, పంపే వాళ్ళు బండికి సర్వీసు చేయించి మరీ పంపుతారు అని. "అయితే మీ మామగారిని బండితో పాటు డెలివరీ ఇస్తారన్నమాట" అంది. మామయ్యకి చెప్పు, నవ్వుతారు.

అసలు సంగతి, పెద్ద సర్వీసు నువ్వెప్పుడు చేయించావు? గుర్తు చేసుకుని రాయి. ఫోను చేద్దామంటే మీ ఆసుపత్రి ఫోను సూపరింటెండెంటు బల్ల మీద ఉంటుంది, ఆయన ముందు నీ నోట "సరే వదినా" తప్ప ఇంకో మాట రాదు.

నీ వదిన

సెప్టెంబరు 17

వదినా,

నీ ఉత్తరం ల్యాబులో చదువుకుని నవ్వుకున్నాను. డెలివరీ మాట నాన్నకి చెప్పాను. "సంతకం పెట్టించుకుని దింపమను" అన్నారు. ఇక్కడ వానలు తగ్గలేదు. ఆరేసిన బట్టలు ఆరేసినట్టే ఉంటున్నాయి, మైక్రోస్కోపు అద్దాలు తుడిచిన కాసేపటికే మళ్ళీ మసకేస్తున్నాయి.

సర్వీసు గురించి అంత కంగారు దేనికి. నేను ఎప్పుడైనా చేయించకుండా పంపానా? ప్రతిసారీ అన్నీ చేయించే పంపుతున్నాను. ఇక్కడ ఉన్నది ఒక్క షెడ్డే అయినా పని బాగానే చేస్తాడు. నాన్న కూడా వచ్చి అక్కడి బెంచీ మీద కూర్చుంటారు, అది అయ్యేదాకా కదలరు. పంపిన తర్వాత ఎక్కడైనా ఆగిపోయిందా ఎప్పుడైనా? నువ్వు అడిగిన తీరు చూస్తే నేనేదో ఎగ్గొట్టినట్టుంది.

ఇంకో మాట. చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ చలికాలం నాన్న ఇక్కడే ఉంటే ఎలా ఉంటుంది? పోయినసారి ఘాట్ దిగుతున్నప్పుడు ఆయనకి కళ్ళు తిరిగాయి. మధ్యలో రెండు చోట్ల ఆపాల్సొచ్చింది. నీకు చెప్పొద్దన్నారు, అందుకే అప్పుడు చెప్పలేదు. ఆలోచించి రాయి. అన్నయ్యని పేపరు దించి ఆలోచించమను.

నీ మరదలు

సెప్టెంబరు 25

మరదలా,

అన్నీ చేయించావని రాశావు. ప్రాణం లేచొచ్చింది. అన్నీ అంటే బ్రేక్ ఆయిల్ కూడా ఉన్నట్టే కదా. అది ఏ ఏడు మార్పించావో ఒక్క ముక్క రాస్తే ఇక ఆ గొడవ ఎత్తను. నీకు గుర్తు లేకపోతే మామయ్యను అడుగు. బెంచీ మీద కూర్చునేది ఆయనే కదా.

రెండో మాట మాత్రం నాకు గొంతు దిగలేదు. ఎక్కేటప్పుడు తిరగని కళ్ళు దిగేటప్పుడే తిరుగుతాయా? ఏప్రిల్లో ఇదే రోడ్డు మీద పైకి పంపాను, అప్పుడు ఏమీ కాలేదే. కళ్ళు తిరిగితే బస్సులో తీసుకురావచ్చు, నెమ్మదిగా రావచ్చు, దారిలో ఒక పూట ఆగి రావచ్చు. అసలు రానివ్వకపోవడం ఒక్కటే దారి ఎలా అయింది? ఆయన గదికి సున్నం వేయించాను. మంచం కిటికీ వైపు జరిపించాను, పొద్దున్నే ఎండ పడుతుందని. వచ్చేది లేదని ముందే తెలిస్తే ఆ గదిలో ఇంకో మిషను పెట్టుకునేదాన్ని.

మీ అన్నయ్యకి చెప్పాను. పేపరు దించారు. "నాన్నని అడగండి" అన్నారు. మళ్ళీ ఎత్తేశారు.

నీ వదిన

అక్టోబరు 3

వదిన గారికి,

గదిలో మిషను పెట్టుకుంటానని రాశారు. పెట్టుకోండి. మా నాన్న మీకు గది ఆక్రమించిన మనిషి అయ్యారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

నాన్నని అడగమన్నారు. మీకు తెలియంది కాదు, ఆయన చెప్పరు. ఆ ఇంటి సంగతి ఈ ఇంట్లో ఎత్తరు, ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో ఎత్తరు. ఎందుకలా తయారయ్యారో కూడా మీకు తెలుసు. అప్పుడెప్పుడో మా ఇంట్లో భోంచేస్తూ "అక్కడ కూరల్లో ఉప్పుండదు" అని నోరు జారారు. డాక్టరు తగ్గించమన్నాడని నాకు తెలియదు. మా నాన్నకి చప్పిడి కూడు పెడుతున్నారా అని నేను రాశాను. మీరు జవాబు రాయలేదు. ఆ ఏడాదంతా మనిద్దరి మధ్య మాటల్లేవు. మధ్యలో ఆయన బండెక్కి అటూ ఇటూ తిరుగుతూ నలిగిపోయారు. అప్పట్నుంచి నోటికి తాళం వేసుకున్నారు. "మీ వదిన ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అంటారు, అంతే. మీరు జ్వరంతో మంచం పట్టినా అదే మాట చెబుతారు.

బ్రేక్ ఆయిల్ ఏ ఏడు మార్చారని మళ్ళీ అడిగారు. అన్నీ చేయించానని రాశాక కూడా అడిగారంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట. మీకక్కడ బోర్డులు, హెడ్ మెకానిక్కులు ఉన్న పెద్ద వర్క్‌షాపు ఉంది. నాకు రేకుల షెడ్డు. అంత తేడా తెలిసిన వాళ్ళు మీరే పెద్ద పనులు చేయించుకోవచ్చు కదా. నేను నాన్నని సరిగ్గా చూసుకోవడం లేదని అనడానికి బండిని అడ్డం పెట్టుకున్నారని అనిపిస్తోంది. ఒంటరిదాన్ని, ఉద్యోగం చేసుకునేదాన్ని, నా వల్ల ఏమవుతుందని మీ అందరికీ ఎప్పుడూ ఉన్నదే.

ఇట్లు
మీ ఆడపడుచు

అక్టోబరు 10

ఆడపడుచు గారికి,

మీరు మీరు అని రాశావు. చదువుతుంటే ఎవరో పరాయి వాళ్ళ ఉత్తరం విప్పానేమో అనుకుని కవరు మీద అడ్రసు మళ్ళీ చూశాను. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన రోజు నా కొంగు పట్టుకు తిరిగిన పిల్లవి. సరే, నీ ఇష్టం.

నేను బండిని అడ్డం పెట్టుకున్నానా? ఆ పని చేసింది నువ్వు. ఘాట్ అన్నావు, కళ్ళు తిరగడం అన్నావు, మామయ్యను అక్కడే ఉంచేసుకుందామని చూస్తున్నావు. అత్తగారు పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో పెద్ద దిక్కు ఆయనే. సాయంత్రం షాపు మూసి వచ్చేసరికి వరండాలో ఆయన కుర్చీ ఉంటుంది, ఆయన ఉంటారు. ఆర్నెల్లు ఆ కుర్చీ ఖాళీగా చూడ్డమే కష్టంగా ఉంటే ఏడాదంతా ఖాళీగా ఉంచమంటావు.

నవంబరు మొదట్లో ఆయన రావాలి. నువ్వు పంపకపోతే మీ అన్నయ్య వచ్చి తీసుకొస్తారు. సర్వీసు నువ్వు చేయించినా చేయించకపోయినా సరే, బండిని అక్కడే వదిలేసి బస్సులో తీసుకొస్తారు.

వదిన

అక్టోబరు 16

వదిన గారికి,

నవంబరు దాకా దేనికి? అన్నయ్యకి సెలవు దొరకడం కష్టం, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు. ఇరవయ్యారో తేదీ ఆదివారం నాకు సెలవు. పొద్దున్నే బయల్దేరి నేనే తీసుకొచ్చి మీ వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, బండి తాళాలు మీ చేతిలో పెట్టి, సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేస్తాను. మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగను.

సర్వీసు చేయించలేదన్న మాట కూడా రాకూడదని నిన్న షెడ్డుకు తీసుకెళ్ళాను. "ఇంతకుముందు ఎప్పుడు చేయించారు?" అని అడిగాడు. మీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఏప్రిల్లో అన్నాను. డోరు మీద మీ వాళ్ళు అంటించిన సర్వీసు తేదీ స్టిక్కరు చూసి, "అయితే చిన్నది చాలమ్మా" అన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు, ఎప్పుడూ అదే చేయిస్తాను. ఇంజన్ ఆయిలు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, బ్రేకు తొక్కి చూసి గట్టిగానే ఉందన్నాడు. పాత స్టిక్కరు మీద కొత్తది అంటించాడు. ఇంతకంటే ఏం చేయించాలో నాకు తెలియదు. నాన్న బెంచీ మీద నుంచి లేచి ఏదో అనబోయారు. "ఏంటి నాన్నా" అన్నాను. "ఏం లేదులే" అని కూర్చున్నారు.

ఆదివారం కలుద్దాం.

మీ ఆడపడుచు

అక్టోబరు 25

అమ్మడూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వానలకి దారి తెగి టపా ఆలస్యమైందట. చదువుతూ చదువుతూ "అయితే చిన్నది చాలమ్మా" అన్న చోట గుండెల్లో రాయి పడింది. రేపు బయల్దేరకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, బయల్దేరకు.

ఇక్కడ కూడా అంతే జరుగుతోంది. ప్రతి ఏప్రిల్లో బండిని సర్వీసుకి తీసుకెళ్ళేది నేనే. మన వీధి చివర మెకానిక్ డోరు తీసి, మీ షెడ్డు వాడి స్టిక్కరు చూసి, "ఆర్నెల్ల కిందటే సర్వీసైంది కదమ్మా, చిన్నది చాలు" అంటాడు. నేను సరే అంటాను, మామయ్య ఇక్కడా పక్కనే కూర్చుని ఉంటారు. మీ వాడు మా స్టిక్కరు చూస్తాడు, మా వాడు మీ స్టిక్కరు చూస్తాడు. పెద్దది నువ్వు చేయిస్తున్నావని నేను, నేను చేయిస్తున్నానని నువ్వు. నువ్వు అన్నీ చేయించానని రాస్తే పెద్దది అనుకుని నిశ్చింతగా కూర్చున్నాను. నాకు తెలిసి ఈ పద్ధతి మొదలయ్యాక బ్రేక్ ఆయిల్ ఒక్కసారి కూడా ఎవరూ మార్చలేదు.

వర్క్‌షాపుకి పరిగెత్తాను. హెడ్ మెకానిక్‌కి నీ ఉత్తరంలో ముక్క చదివి వినిపించాను. షెడ్డులో తొక్కి చూసినప్పుడు గట్టిగానే ఉంటుందట, అది నమ్మకూడదట. వేడెక్కాకే తెలుస్తుందట. మీ సూపరింటెండెంటు ఫోనుకి పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నాను. గీ మని శబ్దం తప్ప ఏమీ లేదు. లైన్లు తెగాయంటున్నారు. మీ అన్నయ్య పేపరు అవతల పడేసి తంతి ఆఫీసుకి వెళ్ళారు, అక్కడా అదే మాట. ఆయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. రేపు పొద్దున కొండెక్కే మొదటి బస్సు డ్రైవరు మా షాపులో చొక్కాలు కుట్టించుకుంటాడు. ఈ ఉత్తరం అతని చేతిలో పెడుతున్నాను. ఆసుపత్రికి వెళ్ళి ల్యాబులో ఉండే అమ్మాయికే ఇవ్వమన్నాను, ఇంట్లో ఉంటే ఇంటికి వెళ్ళి ఇవ్వమన్నాను, పెద్దాయనతో బండిలో దారిలో ఎదురైతే అక్కడే ఆపి ఇవ్వమన్నాను.

నాకు భయంగా ఉంది. పంతానికి పోయి నువ్వు తొందరగా బయల్దేరేశావేమో, ఆ పంతం నా వల్లే వచ్చిందే. మామయ్య అక్కడే ఉండనీ. చలికాలం అంతా ఉండనీ, ఎన్నాళ్ళైనా ఉండనీ. మీరిద్దరూ క్షేమంగా ఉంటే చాలు.

నీ వదిన

అక్టోబరు 27

వదినా,

నీ ఉత్తరం నాకు అందింది. ఎక్కడ అందిందో చెబితే నీకు కళ్ళు తిరుగుతాయి, కూర్చుని చదువు. నాన్న బతికే ఉన్నారు. నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట రాశాను.

తెల్లవారగానే బయల్దేరాం. నాన్న ముందు సీట్లో కూర్చున్నారు, ఎప్పటిలాగే. ఆయన మొహం బాగోలేదు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, నా కోపం నాది. సగం ఘాట్ దిగేదాకా బాగానే ఉంది. ముందు ఒక లారీ పోతుంటే దాని వెనకే బ్రేకు తొక్కుతూ దిగాను. లారీ పక్కకి తప్పుకున్నాక మలుపు దగ్గర మళ్ళీ తొక్కాను. కాలు మెత్తగా లోపలికి వెళ్ళిపోయింది, వదినా. మళ్ళీ తొక్కాను, అలాగే పోయింది. కాలి కింద ఏమీ లేనట్టే ఉంది. గేరు తగ్గించాను, ఇంజన్ అరిచింది, హ్యాండ్ బ్రేకు లాగాను. వేగం తగ్గింది గానీ ఆగలేదు. కింద మలుపు కనిపిస్తోంది. నా వైపు లోయ, నాన్న వైపు కొండ.

అప్పుడు నాన్న మామూలు గొంతుతో, నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు మాట్లాడిన గొంతుతో, "కొండకి ఆనించమ్మా. నా వైపుకే తిప్పు" అన్నారు. నేను తిప్పలేదు. "తిప్పు" అన్నారు. తిప్పాను. బండి కొండని రాసుకుంటూ పోయి కాలవలో పడి ఆగింది. ఆ చప్పుడు నేను జన్మలో మర్చిపోను.

అటు వైపు డోరు లోపలికి వచ్చేసింది. నా వైపు నుంచి ఆయన్ని బయటికి లాగాను. మెడ పక్క ఎముక విరిగింది, చెయ్యి గీసుకుపోయింది. రోడ్డు మీద నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకోబెట్టాను. అప్పుడే కింద నుంచి బస్సు వచ్చింది. డ్రైవరు దిగి, మా ఇద్దర్నీ చూసి, "ల్యాబులో పనిచేసే అమ్మ మీరేనా" అన్నాడు. నాన్నని బస్సులో పడుకోబెట్టాక నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. బస్సు పైకి వెళ్తుంటే చదివాను. మొదటి పేజీ దాటి చదవలేకపోయాను.

ఎముక సర్ది కట్టు కట్టారు. మందుల మత్తు దిగాక నాన్న నావైపు చూసి, "రెండు చోట్లా చిన్నదే చేయించారమ్మా. నేను చూస్తూనే ఉన్నాను" అన్నారు. వదినా, నేను వార్డులో అందరి ముందూ ఆయన మీద అరిచాను. మరి ఎందుకు చెప్పలేదు, ఇన్నేళ్ళూ బెంచీ మీద కూర్చుని చూస్తూ ఎందుకు ఊరుకున్నారు అని. నర్సు వచ్చి నా భుజం పట్టుకుంది. ఆయన మాత్రం నెమ్మదిగానే చెప్పారు. "ఆ ఇంట్లో చేయించలేదని ఇక్కడ చెబితే నువ్వు రాస్తావు. ఇక్కడ చేయించలేదని అక్కడ చెబితే ఆమె రాస్తుంది. మళ్ళీ ఏడాది మాటలుండవు. పాడైతే బండేగా పాడవుతుంది అనుకున్నాను. అందులో కూర్చునేది మీరేనని తోచలేదు."

నువ్వు రా వదినా. నీకు మీరు అని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. త్వరగా రా.

నీ మరదలు

నవంబరు 14

అమ్మడూ,

క్షేమంగా ఇల్లు చేరాను. బస్సు ఆ మలుపు దగ్గరకి రాగానే కళ్ళు మూసుకున్నాను. పక్క సీటావిడ కళ్ళు తిరుగుతున్నాయా అని నిమ్మకాయ ఇచ్చింది.

అక్కడ ఉన్నన్నాళ్ళూ మనిద్దరం తప్పెవరిది అన్న మాట ఎత్తలేదు, గమనించావా. నేను చాలాసార్లు ఎత్తబోయి ఊరుకున్నాను. నువ్వూ అంతేనని నీ మొహం చూస్తే తెలిసింది. మామయ్య మనిద్దర్నీ మార్చి మార్చి చూస్తూ పడుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. మనం కూడా ఆయనలాగే తయారవుతున్నాం.

లారీ మీద బండిని ఇక్కడి వర్క్‌షాపుకి చేర్చారు. హెడ్ మెకానిక్ పాత బ్రేక్ ఆయిల్ సీసాలో పట్టి చూపించాడు. మన కాఫీ డికాషన్ నయం. డోరు మారుస్తారు, బ్రేకులు అన్నీ కొత్తవి వేస్తారు. పెద్ద సర్వీసు చేయమన్నాను. "పోయినసారి ఎప్పుడు చేయించారు?" అని అలవాటుగా అడిగాడు. "ఎప్పుడూ చేయించలేదు" అన్నాను. నోటితో అనడానికి చాలా సిగ్గేసింది.

ఇకనుంచి పద్ధతి ఇది. చలికాలం బండి ఇక్కడికి రాగానే ఏడాది సర్వీసు నాది, ఏడాది విడిచి ఏడాది పెద్దది కూడా నాదే. నువ్వు పంపేముందు చిన్నది చేయించు, కానీ బ్రేకులు విప్పి చూడమను. చిన్నది ఎప్పుడూ చిన్నదిగానే లెక్క, డోరు మీద ఎవరి స్టిక్కరున్నా సరే. ఒకరు చేయించింది ఒకరికి రాయాలి. నచ్చకపోతే నాతో పోట్లాడు. ఊరుకోకు.

మామయ్య చలికాలం నీ దగ్గరే. ఈ ముక్క రాయడానికి నాకు పొద్దుట్నుంచీ పట్టింది. ఇల్లు బోసిగా ఉంది. మీ అన్నయ్య ఇవాళ పేపరు విప్పలేదు, వరండాలో ఆ కుర్చీలో కూర్చుని వీధి చూస్తున్నారు.

ఆయనకి నా మాటగా చెప్పు. ఆ ఇంటి సంగతి ఈ ఇంట్లో చెప్పమని, ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో చెప్పమని. అన్నీ చెప్పమను. మేం కొట్టుకుంటే కొట్టుకుంటాం.

నీ వదిన

నవంబరు 23

వదినా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. చివరి ముక్క రెండోసారి చదవమన్నారు. "రాసింది ఆమేనా?" అన్నారు. నీ చేతిరాత చూపించాను. మసక కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు.

మర్నాడు మొదలుపెట్టారు. ముందు నా మీద. నేను పెట్టే టీలో పంచదార ఎక్కువట, ఎన్నేళ్ళుగానో మొహమాటానికి తాగుతున్నారట. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను ఒంటి మీద ఆ వాసనతోనే అన్నం వడ్డిస్తానట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. స్నానం చేసి వచ్చి వడ్డించాను.

ఇవాళ నీ వంతు. చెప్పనా వద్దా అని నేనే ఆలోచించాను, తర్వాత నువ్వు రాసింది గుర్తొచ్చింది. కట్టు మీద చొక్కా తొడగబోతే చెయ్యి పైకెత్తలేక అబ్బా అన్నారు. ఎముక నొప్పా అని అడిగాను. "ఎముక కాదు, చొక్కా. మీ వదిన కుట్టే చొక్కాలు చంకల దగ్గర ఎప్పుడూ బిగుతే" అన్నారు. అన్ని చొక్కాలూ అంతేనట. ఇంకా చాలా ఉన్నాయట, రోజుకి కొన్ని చెబుతారట. ఎముక బాగా అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడు.

కోపం వస్తే నా మీద చూపించు.

నీ మరదలు

నవంబరు 30

అమ్మడూ,

చంకల దగ్గర బిగుతా? ఊళ్ళో సగం మంది నా దగ్గర కుట్టించుకుంటారు, ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అనలేదు. ఇన్నేళ్ళుగా పండక్కీ పబ్బానికీ కుట్టి ఇస్తుంటే "బాగుందమ్మా" అని తొడుక్కుని, చేతులు ఒంటికి అంటించుకుని తిరిగిన మనిషి, ఇవాళ కొండ మీద కూర్చుని నీతో చెబుతారా? చదవగానే ఒళ్ళు మండిపోయింది. కత్తెర బల్ల మీద పడేసి, మీ అన్నయ్యని పిలిచి ఉత్తరం చదివించాను. ఆయన పడీ పడీ నవ్వారు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన అంతలా నవ్వడం నేను చూడలేదు. అది చూసి ఇంకా మండింది.

ఆయన కొలత మళ్ళీ తీసి పంపు. వదులుగా తీయి. ఇంకా ఏమన్నారో ఒక్కటి కూడా వదలకుండా రాయి.

నీ వదిన